రంగం స్టీమరు యంత్రశాల

గోదావరి కాలువల క్రింద సేద్యం చేసే రైతుకు 'లస్కరు' అన్న మాట కొత్త కాదు. కాలువగట్టు కాపలా కాసేవాడు, తూము తలుపులు ఎత్తి దించేవాడు లస్కరు. రాజమహేంద్రవరం రేవున లాంచీ ఎక్కినవారికి 'సరంగు' అన్న మాటా తెలుసు. లాంచీ నడిపేవాడు సరంగు. ఈ రెండింటినీ మనం మన నదీతీరపు మాటలుగానే భావిస్తున్నాము. నిజానికి ఇవి పారసీకంలో సైన్యానికి సంబంధించిన మాటలు. మన దేశపు రేవులలో స్థిరపడి, సముద్రం మీద తిరిగి తిరిగి, చివరకు మన కాలువలలోకి ప్రవేశించినవి. పరదేశపు ఓడలలో కొలువు చేసిన భారతీయ నావికుడిని ఇంగ్లీషువారు 'లాస్కరు' అన్నారు. అటువంటి నావికుల పెద్ద సరంగు. అతని క్రింది ఉద్యోగి టండేలు. మహానౌకల అడుగున, ఆవిరి యంత్రాల నడుమ, ఒక శతాబ్దం పాటు వినిపించిన పిలుపులు ఇవి.

ఆ యంత్రశాలను గురించి నాలుగు మాటలు చెప్పాలని నాకు చాలాకాలంగా కోరిక. ఆ కోరిక కలిగించినది మా నాయనమ్మ. ఆమె 1941 చివర తొమ్మిదేళ్ళ పిల్లగా, తల్లితో, తమ్ముడితో రంగంనుండి స్టీమరు మీద తిరిగివచ్చినది. రంగూనును మన పల్లెలలో రంగం అనేవారు. ఆ ప్రయాణాన్ని గురించి ఆమెకు మిగిలిన జ్ఞాపకాలు రెండే. పడుకున్న ఇనుపతట్టు క్రిందనుండి వేడి పొడుచుకొని వస్తే, తల్లి గోనెసంచి నాలుగు మడతలు వేసి ఒంటి క్రింద పరచిందట. తెల్లవారుజామున ఒక ఇనుపతలుపు తెరుచుకొని, నిలువెల్లా నల్లబడిన మనుష్యులు ఐదారుగురు పైకి వచ్చి, చేదలతో సముద్రపు నీరు తోడి నెత్తిన గుమ్మరించుకున్నారట. వాళ్ళు మాట్లాడినది తెలుగు కాదు. "వాళ్ళెవరమ్మా?" అని అడిగితే, "ఓడకు అన్నం పెట్టేవాళ్ళు" అని తల్లి చెప్పినదట.

ఆ మాటలో ఎంత నిజమున్నదో తెలియాలంటే కొంచెం వెనుకకు పోవలె.

ఆవిరి రాకముందు మన ఓడలను నడిపినది గాలి. గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట కోరంగి గొప్ప రేవు. కోరంగిలోనూ తాళ్ళరేవులోనూ కొయ్య ఓడలు కట్టే పనివారు తరతరాలుగా ఉండేవారు. నైరుతి ఋతుపవనాన్ని ఆనుకొని తూర్పుకు సాగి, ఈశాన్య ఋతుపవనంతో తిరిగిరావడం తెరచాప ఓడలకు పద్ధతి. గాలి అనుకూలించినంతసేపే ప్రయాణం. అదే గాలి పగబట్టితే ఏమగునో కోరంగికి తెలిసినంతగా మరొక ఊరికి తెలియదు. 1789 డిసెంబరులో వచ్చిన తుపానులో సముద్రం మూడు పెద్ద అలలుగా లేచి ఊరిని ముంచివేసినది. 1839 నవంబరులో మరల ఉప్పెన వచ్చినది. వేలాది ప్రాణాలు పోయినవి. రేవు తిరిగి కోలుకొనలేదు. బంగాళాఖాతపు తుపానులను పరిశోధించిన కలకత్తావాసి హెన్రీ పిడింగ్టన్ 1848లో 'సైక్లోన్' అన్న పేరు పుట్టించినాడు. ఈనాడు ప్రపంచమంతటా వాడే ఆ మాటకు ఆధారమైన విషాదాలలో మన కోరంగి విషాదం ఒకటి.

కోరంగి పోయినా దాని పేరు పోలేదు. అక్కడనుండి ఓడలెక్కి బర్మా చేరిన కూలీలను అక్కడివారు 'కోరంగీలు' అన్నారు. తరువాత విశాఖపట్టణం జిల్లానుండి పోయినా, గోదావరి జిల్లానుండి పోయినా, తెలుగువాడు రంగూనులో కోరంగీయే.

ఇంతలో ఆవిరి వచ్చినది. 1825లో 'ఎంటర్‌ప్రైజ్' అనే ఓడ, కొంత ఆవిరితో, కొంత తెరచాపలతో, ఇంగ్లండునుండి కలకత్తాకు నాలుగు నెలలకు కొంచెం తక్కువ కాలంలో చేరినది. 1856లో కలకత్తా, బర్మాల మధ్య ఆవిరి ఓడలు నడపడానికి ఒక కంపెనీ ఏర్పడినది. 1862లో అదే బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అయినది. సరిగా ఆ కాలంలోనే మన డెల్టా స్వరూపం మారినది. 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయినది. ఆర్థర్ కాటన్ కాలువలను సేద్యానికే కాక పడవల రాకపోకలకు కూడా త్రవ్వించినాడు. లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు కాకినాడ చేరేవి. ఆ విధంగా కాలువ పడవకూ సముద్రపు స్టీమరుకూ కాకినాడ వద్ద కలయిక ఏర్పడినది.

కాని కాకినాడ తీరం లోతు తక్కువ. పెద్ద ఓడ గట్టుకు రాలేదు. గోదావరి మేటవేసిన ఇసుకతో ఏర్పడిన హోప్ ద్వీపం చాటున, తీరానికి మైళ్ళ దూరంలో లంగరు వేసేది. సరుకూ, మనుష్యులూ పడవలలో అక్కడికి చేరవలె. ఊగే పడవలోనుండి ఊగే నిచ్చెన పట్టుకొని పైకి ఎక్కిన మన పల్లెవాడికి స్టీమరంటే పై తట్టు, పొగగొట్టం, చుట్టూ నీరు, ఇంతే. అతని కాళ్ళ క్రింద మూడు నాలుగు అంతస్తుల లోతున మరొక లోకం ఉన్నది. అక్కడికి ఇప్పుడు దిగుదాము.

నిటారుగా ఉన్న ఇనుపనిచ్చెనలు. పట్టుకొనే కమ్మీలు చేతికి చురుక్కుమంటవి. దిగినకొద్దీ వెలుతురు తగ్గి వేడి హెచ్చుతుంది. మొదట వచ్చేది బాయిలర్ల గది. ఒక్కొక్క బాయిలరు రెండు నిలువుల ఎత్తుకు పైబడిన ఉక్కుపీపా. దాని ముఖాన మూడో నాలుగో కొలుములు. కొలిమిలో మండిన జ్వాల వెనుకకు పోయి, అక్కడ మలుపు తిరిగి, నీటి నడుమ అమర్చిన వందలాది గొట్టాల గుండా ముందుకు వచ్చి, అప్పుడు పొగగొట్టంలోకి పోతుంది. నిప్పును ఇట్లా రెండుసార్లు నీటిగుండా నడిపించి దాని వేడి పిండుకుంటారు. నీరు ఆవిరియైతే, మామూలు వాయుపీడనంలో, సుమారు 1,600 రెట్లు చోటు అడుగుతుంది. ఆ చోటు ఇవ్వకుండా ఉక్కుగోడల మధ్య బంధించడమే బాయిలరు చేసే పని. ఈ శతాబ్దానికి ముందుదాని తొలిభాగంలో సరుకుల ఓడల బాయిలర్లలో చదరపు అంగుళానికి 180 పౌనుల ఒత్తిడి సామాన్యం.

కొలిమి ముందు నిలిచేవాడు ఫైర్‌మన్. రాక్షసిబొగ్గును పారతో తీసి లోపల చల్లడమే గదా అనిపించవచ్చు. కాని అందులో నేర్పున్నది. బొగ్గు పలుచగా, సమంగా పరచుకోవలె. కుప్పపడితే పొగ వస్తుంది గాని వేడి రాదు. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచితే చల్లగాలి దూరి ఆవిరి పడిపోతుంది. గడియకొకసారి పొడవాటి ఇనుపకడ్డీతో నిప్పులను కెలికి, అడుగున కరిగి గడ్డకట్టిన చిట్టెం పగులగొట్టి బయటకు లాగవలె. అది ఎర్రగా కాలుతూ పాదాల వద్ద పడుతుంది. ఓడ ఊగే సమయాన ఈ పని ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. బొగ్గుకొట్లలోనుండి బొగ్గు త్రవ్వి బండ్లమీద తెచ్చి అతని ముందు పోసేవాడు ట్రిమ్మరు. కొట్లో గాలి ఆడదు. దుమ్ములో దీపం కూడా గుడ్డిగా వెలుగుతుంది. బొగ్గు తరిగినకొద్దీ మోయవలసిన దూరం పెరుగుతుంది. కనుక ప్రయాణం ముగిసే వేళకు తక్కినవారి పని తేలికపడినా, ట్రిమ్మరు పని బరువెక్కుతుంది.

బాయిలర్ల గది దాటితే యంత్రం. 1881లో 'అబర్డీన్' అనే ఓడ విజయవంతమైన తరువాత సరుకుల ఓడలన్నింటా వ్యాపించిన పద్ధతి ఒకటున్నది. ఆవిరిని ఒక్కసారి వాడి వదలరు. మొదట చిన్న సిలిండరులో పనిచేయిస్తారు. అక్కడ కొంత బలం తగ్గిన ఆవిరిని దానికన్న పెద్దదైన రెండవ సిలిండరులోకి, ఇంకా తగ్గినదానిని అన్నిటికన్న పెద్దదైన మూడవదానిలోకి పంపుతారు. బలం తగ్గినకొద్దీ ఒత్తే వైశాల్యం పెంచడం ఇందులోని కిటుకు. చెరుకును గానుగలో మరల మరల పెట్టి పిండినట్లే. చివరకు మిగిలిన ఆవిరి కండెన్సరులో, సముద్రపు నీరు పారే గొట్టాలకు తగిలి, నీరై తిరిగి బాయిలరుకు పోతుంది. చుట్టూ సముద్రమున్నా ఓడకు మంచినీటి కరవే. ఉప్పునీరు బాయిలరులో పోస్తే రాయిలా పొర కట్టి ఉక్కును కాల్చివేస్తుంది. అందుచేత అదే నీటిని తిప్పి తిప్పి వాడవలె.

మూడు పిస్టన్లు లేచి పడుతూ ఒక ఇరుసును త్రిప్పుతవి. ఆ ఇరుసు సొరంగంవంటి ఇరుకుదారిలో ఓడ వెనుకకు పోయి, బయట నీటిలోని మరచక్రాన్ని త్రిప్పుతుంది. మరచక్రం నీటిని వెనుకకు నెట్టితే, నీరు దానిని ముందుకు నెట్టుతుంది. ఆ ముందునెట్టు అంతా, ఇరుసు మొదట ఉన్న ఒక్క దిమ్మ మీద పడుతుంది. వేలాది టన్నుల ఓడను సాగించే బలమంతా మోసేది ఆ దిమ్మయే. ప్రయాణికుడు దానిని చూడడు. దాని పేరూ వినడు.

కదిలే యంత్రానికి చమురు పోసేవాడు వేరొకడు. పిస్టను కడ్డీ క్రిందికి వచ్చి పైకి లేచే లయను కనిపెట్టి, ఆ రెప్పపాటులో చేయి చాచి, బేరింగు వేడెక్కినదేమో వ్రేళ్ళతో తాకి చూసేవాడు. లయ తప్పితే చేయి ఉండదు. గాజుగొట్టంలో బాయిలరు నీటిమట్టాన్ని ఇంజనీరు కనురెప్ప వాల్చక చూడవలె. మట్టం పడిపోతే కొలిమి పైరేకు ఎర్రబారి కుంగి, బాయిలరు పేలవచ్చు. పైన చుక్కాని వద్దనుండి కెప్టెను ఆజ్ఞ ఇత్తడి పళ్ళెంమీది ముల్లుగా, ఒక గంట మోతగా క్రిందికి వస్తుంది. క్రిందివారికి సముద్రం కనిపించదు. తీరం వచ్చినదో, తుపాను వచ్చినదో ఆ గంట చెప్పవలె, ఓడ ఊపు చెప్పవలె.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. కాకినాడ, రంగూను ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నవి. నడుమ దూరం సుమారు 800 నాటికల్ మైళ్ళు. గంటకు పది మైళ్ళు పోయే స్టీమరుకు 80 గంటల ప్రయాణం. యంత్రం నిమిషానికి 70 చుట్లు తిరిగితే, ఆ 80 గంటలలో 3,36,000 చుట్లు. రోజుకు 30 టన్నుల బొగ్గు కాలితే మొత్తం వంద టన్నులు. ఆ వంద టన్నులలో ప్రతి తట్టెడూ కొట్టునుండి కొలిమికి, పారనుండి నిప్పుకు మనిషి చేతిమీదుగా పోయినదే. అందులోని బూడిద మరల పైకి చేది సముద్రంలో పోసినదే. నాలుగు గంటల పని, ఎనిమిది గంటల విరామం, ఇది వారి దినచర్య. 80 గంటలకు ఇరవై వంతులు. గది వేడి యాభై సెంటీగ్రేడు డిగ్రీలకు చేరడం వింత కాదు.

ఈ పని చేసినదెవరు? కలకత్తాలో కొలువుకు కుదిరిన ఓడలలో కొలిమి పనివారు చాలామంది తూర్పు బెంగాలులోని సిల్హెట్, నౌఖాలీ, చిట్టగాంగ్ ప్రాంతాల ముస్లిం రైతుబిడ్డలు. బొంబాయి ఓడలలో పంజాబీలు, పఠానులు ఉండేవారు. వారి జీతం తెల్ల నావికుని జీతంలో మూడవవంతు, ఒక్కొక్కచోట అంతకూ తక్కువ. వేడికి తట్టుకునే శరీరాలు వారివని ఓడల యజమానులు చెప్పేవారు. వడదెబ్బకు కూలినవారూ, తాపం భరించలేక సముద్రంలో దూకినవారూ ఆ మాట అబద్ధమని తమ ప్రాణాలతో నిరూపించినారు.

1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభ ఒక ఒడంబడిక చేసినది. పద్దెనిమిదేళ్ళు నిండనివారిని కొలిమి పనికిగాని బొగ్గు మోతకుగాని పెట్టరాదన్నది. ఇది మేలైన శాసనం. కాని అందులోనే ఒక మినహాయింపు ఉన్నది. భారతదేశపు తీరవ్యాపారంలోనూ, జపాను తీరవ్యాపారంలోనూ మాత్రమే తిరిగే ఓడలలో, వైద్యపరీక్షలో నెగ్గిన పదహారేళ్ళ బాలుని పెట్టవచ్చునట. నిప్పు అందరినీ ఒకేరీతిగా కాల్చుతుందని తెలిసినవారే, శాసనంలో రెండు దేశాల పిల్లలకు రెండేళ్ళు తగ్గించి వ్రాసినారు. ఈ ఒక్క వాక్యం చదివినప్పుడు నాకు కలిగిన బాధ, ఎన్నో యుద్ధాల చరిత్ర చదివినప్పుడు కలుగలేదు.

ఇక ఓడ పైతట్టున ఉన్న మనవారి సంగతి. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు సుమారు పదిలక్షలు. రంగూను నగరంలో సగానికి పైగా మనవారే. అక్కడి రేవులో మూటలు మోసి ఓడల కడుపులు నింపినది ముఖ్యంగా తెలుగు కూలీలు. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె కట్టినారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టినారు. సమ్మె ముగిసి మనవారిని తిరిగి పిలిచి బర్మీయులను పంపివేసేసరికి నగరంలో ఘోరమైన దొమ్మీలు చెలరేగినవి. ఇద్దరు పేదలను ఒకరిపైకి ఒకరిని తోసినది ఒకే కూలిలెక్క. ఓడ నింపినవాడు తెలుగువాడు, ఓడకు నిప్పు పెట్టినవాడు సిల్హెటువాడు. ఒకే ఓడకు ఇద్దరూ ఊడిగం చేసినారు. ఒకరి భాష ఒకరికి తెలియదు.

తరువాత యుద్ధం. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడినవి. 1942 మార్చిలో నగరం జపానువారి వశమైనది. ఓడలు దొరికినవారు ఓడలలో, దొరకనివారు అరకాను, అస్సాము అడవిదారులలో నడిచి వచ్చినారు. నడిచినవారిలో ఎందరో త్రోవలోనే పోయినారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్టణం మీద, మన కాకినాడ మీద బాంబులు వేసినవి. ఆ రోజులలోనే బంగాళాఖాతంలో ఇరవై వరకు వర్తక నౌకలు మునిగినవి. ఓడకు దెబ్బ తగిలినప్పుడు పైవానికి దూకడానికి వ్యవధి ఉంటుంది. నీటిమట్టానికి దిగువన, నిచ్చెనల అడుగున ఉన్నవానికి ఆ వ్యవధి అరుదు.

ఇక కథ మన తీరానికే వచ్చినది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ విశాఖపట్టణంలో సింధియా కంపెనీ నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసినారు. దాని వెనుక ఉన్న దీక్ష వాల్‌చంద్ హీరాచంద్‌గారిది. 1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూగారు 'జల ఉష'ను నీటిలోకి దించినారు. అది ఎనిమిదివేల టన్నుల ఆవిరి ఓడ. 1952లో ఆ నిర్మాణశాల హిందూస్థాన్ షిప్‌యార్డు అయినది. కోరంగి వడ్రంగులు కొయ్య ఓడలు కట్టిన తీరానికి ఉత్తరాననే, ఉక్కు ఓడలు లేచినవి.

ఈనాటి మహానౌకలో బొగ్గు లేదు. 1912లో డెన్మార్కులో కట్టిన 'సెలాండియా' మహాసముద్రం మీద డీజెలు యంత్రానికి దారి చూపినది. 2006లో సముద్రమెక్కిన 'ఎమ్మా మార్స్క్' అనే ఓడలో పధ్నాలుగు సిలిండర్ల యంత్రమున్నది. బరువు సుమారు 2,300 టన్నులు, బలం లక్ష అశ్వశక్తికి పైమాట. ఒక్కొక్క సిలిండరు అడ్డుకొలత 96 సెంటీమీటర్లు. మనిషి లోపల దిగి శుభ్రం చేయవచ్చు. తారువలె చిక్కనైన చమురును వేడిచేసి, వేగంగా తిరిగే పాత్రలలో మడ్డి తీసి, నూరు డిగ్రీలకు పైగా కాచి, అప్పుడు యంత్రానికి అందిస్తారు. పార పట్టేవాడు లేడు. గాజుగదిలో చల్లని గాలిలో కూర్చున్న ఇంజనీరు తెరలమీద అంకెలు చూస్తాడు. రాత్రివేళ చాలా ఓడలలో యంత్రశాలలో ఎవరూ ఉండరు. ఏదైనా తప్పితే గంట మ్రోగి ఇంజనీరును నిద్రలేపుతుంది. అయినా ఆ గది తలుపు తెరిచి లోపల అడుగుపెడితే, చెవులకు కప్పులు లేనిదే నిలువలేని రొద. చెమట ఆగని వేడి. చమురు కారితే ఇప్పటికీ అగ్నిభయం. 2013లో అమలుకు వచ్చిన అంతర్జాతీయ నావికశ్రామిక శాసనం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివానికి ప్రమాదకరమైన పని చెప్పరాదు. 1921 నాటి ఆ మినహాయింపు అందులో లేదు.

కాకినాడలో 1997నుండి లోతైన నీటిరేవు ఉన్నది. పెద్ద ఓడలు గట్టుకే వస్తున్నవి. పాత లంగరురేవులో మాత్రం బియ్యం ఓడలు ఇప్పటికీ దూరానే నిలుస్తవి. బస్తాలు బార్జీలలో వాటిని చేరుతవి. చీకటిపడిన తరువాత ఒడ్డున నిలబడితే ఆ ఓడల దీపాలు వరుసగా కనిపిస్తవి. పిల్లలు వాటిని లెక్కపెడుతుంటారు.

మా ఇంట బర్మాటేకు పెట్టె ఒకటి ఇప్పటికీ ఉన్నది. రంగంనుండి నాయనమ్మవారితో వచ్చిన సామానులో మిగిలినది అదొక్కటే. ఆ పెట్టెను మోసి ఓడ ఎక్కించినవాడు ఏ శ్రీకాకుళం కూలీయో, ఏ కోనసీమ కూలీయో అయివుంటాడు. దానిని ఈ ఒడ్డుకు చేర్చిన నిప్పును రాజేసినవాడు ఏ సిల్హెటు రైతుబిడ్డయో అయివుంటాడు. వారి పేర్లు ఏ చరిత్రగ్రంథానికీ ఎక్కలేదు. మా ముత్తవ్వ మాత్రం, చదువురాని మనిషి, వారిని చూసిన క్షణంలోనే వారి పనికి సరియైన పేరు పెట్టినది. ఓడకు అన్నం పెట్టేవాళ్ళు. ఈసారి కాలువగట్టున లస్కరు ఎదురైనప్పుడు, ఆ మాట ఎంతదూరంనుండి, ఎంత వేడిలోనుండి నడిచి వచ్చినదో శ్రోతలు ఒక్కసారి తలచుకుంటే, ఈ ప్రసంగం చేసినందుకు నాకు తృప్తి.